పెర్పిన్యాలో నేను, వరదలో బెజవాడ

బార్సిలోనా స్టేషన్‌లో టికెట్ల అమ్మాయికి "పెర్పిగ్నన్" అని మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ ఆవిడ నా మొహం వంక చూసి, అలాంటి ఊరు తన ఎరుకలో లేదన్నట్టు పెదవి విరిచింది. వెనక క్యూ పెరుగుతోంది. ఆఖరికి ఫోను తీసి పేరు చూపించాను. "ఆఁ... పెర్పిన్యా!" అని, ఇంతసేపూ నేను పరాచికాలాడుతున్నానేమో అన్నట్టు నవ్వి టికెట్టు కొట్టిచ్చింది. మీరెప్పుడైనా వెళ్తే గుర్తుంచుకోండి. అక్షరాల్లో కనబడే 'గ'ని మింగేసి, చివరి 'న'ని ముక్కులోకి పంపించేస్తే ఫ్రెంచి ఊరొస్తుంది. ఆ 'న'ని కూడా వదిలేస్తే కాటలన్ ఊరొస్తుంది. రెండూ ఒకే ఊరు.

ఆ ఊళ్ళో ఏటా ఆగస్టు చివర్లోనో సెప్టెంబరు మొదట్లోనో మొదలై సెప్టెంబరు సగం దాకా వార్తాఫోటోల పండగ జరుగుతుంది. 1989 నుంచీ జరుగుతోంది. పేరు 'వీసా పూర్ లిమాజ్'. బొమ్మకి వీసా అని దానర్థం. ఆ వీసా చూడ్డానికి నాకు ఇంకో వీసా కావాల్సొచ్చింది. దాని కోసం మూడేళ్ళ ఐటీ రిటర్నులు, బ్యాంకు కాయితాలు, మా ఆవిడ పేర ఉన్న ఇంటి దస్తావేజు నకలు కూడా పట్టుకెళ్ళాను. వృత్తి అన్న గడిలో ఏం రాయాలో తెలియక చాలాసేపు పెన్ను పట్టుకు కూర్చున్నా. 'న్యూస్ ఫోటోగ్రాఫర్' అని రాస్తే జీతం స్లిప్పు అడుగుతారు. 'పెళ్ళిళ్ళ ఫోటోగ్రాఫర్' అంటే ఫ్రాన్సులో ఎవరి పెళ్ళి అంటారు.

నిజానికి నేను రెండూను. గవర్నరుపేటలో చిన్న స్టూడియో ఉంది. తిండి పెట్టేవి పెళ్ళిళ్ళు. పేపర్లకి అప్పుడప్పుడూ బొమ్మలు పంపుతాను, అవి పెట్టేది పేరు, అదీ కింద పేరు వేస్తే. 2024లో శ్రావణ ముహూర్తాలు అయిపోయాయి, వచ్చేది శూన్యమాసం, భాద్రపదం పెళ్ళిళ్ళకి పనికిరాదు. అందుకని ఆ పదిహేను రోజులూ తీసి నాకు నేను ఇచ్చుకున్నాను. బ్యాగులో కృష్ణ కాలువగట్ల మీద బతికేవాళ్ళ మీద ఆరేళ్ళుగా తీసిన నలభై ప్రింట్లు, మా అక్క పెట్టిచ్చిన కారప్పొడి సీసా. ఆగస్టు 29 రాత్రి బెజవాడలో రైలెక్కా. నేను దాటిన మూడురోజులకే కేసముద్రం దగ్గర పట్టాల కింది కంకర వరదకి కొట్టుకుపోయి, పట్టాలు గాల్లో వేలాడాయి. అది నాకు అక్కడికెళ్ళాక తెలిసింది.

బార్సిలోనా నుంచి పెర్పిన్యా గంటన్నర లోపే. మధ్యలో పిరనీస్ కొండల కింద ఎనిమిది కిలోమీటర్ల పైచిలుకు సొరంగం. కళ్ళు చికిలించుకుని చీకట్లో ఏదో చూద్దామనుకునేలోగా స్పెయిన్ పోయి ఫ్రాన్సు వచ్చింది. గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఆగినంతసేపు కూడా ఆగలేదు. అటూ ఇటూ ఉన్నవాళ్ళది ఒకే కాటలన్ భాష. 1659లో ఇద్దరు రాజులు ఒక సంధి రాసుకుని కొండల మీద గీత గీశారు, ఇటు ముక్క ఫ్రాన్సుకొచ్చింది. మనకి గీత పడింది మొన్న 2014లో కదా, వాళ్ళని చూస్తే ధైర్యం వస్తుంది. మూడున్నర శతాబ్దాలైనా ఇంకా చుట్టరికాలు నడుస్తున్నాయి.

పెర్పిన్యా స్టేషన్ విశ్వానికి కేంద్రం. నేనన్నది కాదు, చిత్రకారుడు సాల్వడార్ డాలీ 1963లో తేల్చేశాడు. కొండకి అవతలుండే ఆయన తన బొమ్మల్ని పారిస్ పంపించుకోడానికి ఇక్కడికే వచ్చేవాడట. 1965లో ఈ స్టేషన్ పేరు మీద పెద్ద బొమ్మే వేశాడు. నేను దిగి చుట్టూ చూశా. కాసిని ప్లాట్‌ఫారాలు, ఒక కాఫీ మిషను, బెంచీ మీద కుక్కతో ఒక కుర్రాడు. పది ప్లాట్‌ఫారాలున్న బెజవాడ జంక్షన్‌లో పుట్టి పెరిగినవాడికి ఇది చూస్తే ఒళ్ళు మండుతుందా లేదా? హౌరా బండి, మద్రాసు బండి, ఢిల్లీ బండి అన్నీ మా వాకిట్లో ఆగి ఇడ్లీ తిని వెళ్తాయి. డాలీకి ఎవరూ చెప్పినట్టు లేరు.

ఇక దారి తప్పడం గురించి. నేను తీసుకున్న గది కోట గుమ్మం 'కాస్టియే'కి పది నిమిషాల దూరం అన్నారు. ఎర్ర ఇటికెల గుమ్మం, దొరికింది. దాని వెనక సందులు మొదలయ్యాయి. వీధి మూలల గోడల మీద 'కారెర్' అని ఒక పలక, ఇంకో మూలకెళ్తే మళ్ళీ 'కారెర్', ఆ పై సందులో కూడా కారెర్. ఎవరో మహానుభావుడు, మనకి ఊరూరా మహాత్మాగాంధీ రోడ్డు ఉన్నట్టు ఊరంతా ఆయన పేరే పెట్టేశారనుకున్నా. ముప్పావుగంట ఆ పెద్దాయన చుట్టూ తిరిగాక ఒక రొట్టెలకొట్టు అమ్మాయి చెప్పింది, కాటలన్‌లో కారెర్ అంటే వీధి అని. ప్రతి వీధికీ రెండు పలకలు, ఒకటి ఫ్రెంచి, ఒకటి కాటలన్. నేను రెంటినీ రెండు వీధులనుకుని నడుస్తున్నా. బాల్కనీల్లో పసుపు మీద నాలుగు కుంకుమ గీతలున్న జెండాలు వేలాడుతుంటే ఏదో పేరంటమేమో అనుకున్నా కూడా. అది కాటలన్ జెండా.

ఇంటావిడ డెబ్భై దాటిన పెద్దావిడ. ఆవిడకి వచ్చిన ఇంగ్లీషు, నాకు వచ్చిన ఫ్రెంచి కలిపితే ఒక వాక్యం అవుతుంది. మిగతాది చేతులతో. గది చూపించి, స్నానాలగదిలో షవరు కింద ఉన్న బకెట్టు చూపించి, వేలెత్తి గట్టిగా ఏదో చెప్పింది. వేణ్ణీళ్ళు వచ్చేదాకా కారే చన్నీళ్ళు వృథా చెయ్యొద్దు, బకెట్లో పట్టు, పెరట్లో అంజూరచెట్టుకి పొయ్యాలి. 2022 నుంచీ అప్పటిదాకా ఆ జిల్లాలో సరైన వాన పడలేదు. పక్కనున్న ఆగ్లీ నది ఎండి రాళ్ళు తేలింది. ఊళ్ళోంచి పోయే టెట్ నదిని వాళ్ళు నది అంటారు గనక నేనూ అంటున్నాను, మా బందరు కాలువ పక్కన పెడితే పిల్లకాలువ. ఫ్రాన్సుకొచ్చి బకెట్టు స్నానం చేస్తాననుకోలేదు. హాయిగా ఉంది, ఇంట్లో ఉన్నట్టు.

ఆదివారం తెల్లారి ఆరింటికి ఫోను మోగింది. అప్పుడు మనకి తొమ్మిదిన్నర. అక్క.

"బుడమేరు వచ్చేసిందిరా. మంచాలు మునిగాయి. మేం మేడ మీద ఉన్నాం, ఓనరు వాళ్ళింట్లో."

అక్క ఇల్లు అజిత్‌సింగ్‌నగర్‌లో, బుడమేరు వాగు వైపు, కింది వాటా. "ఎంత లోతు?" అంటే "పిల్లాడి మెడదాకా" అంది. కరెంటు పోయింది, ఫోనులో ముప్పై శాతం ఉంది, మళ్ళీ నేను చేస్తే తప్ప తను చెయ్యనంది. ఆ తర్వాత వాట్సాప్‌లో వీడియోలు మొదలయ్యాయి. మా బావ అన్నగారు "మన బెజవాడ పరిస్థితి" అని ఏడుస్తున్న బొమ్మ పెట్టి ఒక వీడియో పంపారు. వెనక కొట్టు బోర్డు మలయాళంలో ఉంది. నిజం బొమ్మలు రావడం లేదు, ఎందుకంటే నిజంగా మునిగినవాళ్ళ ఫోన్లలో ఛార్జింగు లేదు.

ఏం చెయ్యాలో తోచక బొమ్మలు చూడ్డానికే వెళ్ళాను. పాత సన్యాసుల మఠం ఒకటుంది, 'కువాఁ దె మీనిమ్' అంటారు. ప్రదర్శనల్లో ఎక్కువ భాగం అక్కడే. మీరు వెళ్తే ముందుగా అక్కడికే వెళ్ళండి. టికెట్టు లేదు. గేటు దగ్గర బ్యాగు తెరిచి చూస్తారు, అంతే. గాజా, ఉక్రెయిన్, సూడాన్, ఇంకా మనం పేపర్లో లోపలి పేజీలో చదివి తిప్పేసే ఊళ్ళన్నీ గోడల మీద ఉన్నాయి. నన్ను ఆపేసింది మాత్రం బొమ్మలకంటే ముందు జనం. చక్రాల సంచీలో ఉల్లికాడల్లాంటి కట్టలు బయటికి కనపడుతుండగా ఒక మామ్మగారు వచ్చింది. బజారు నించి ఇంటికెళ్తూ దారిలో ఆగినట్టుంది. ఒక్కో బొమ్మ దగ్గరా ఆగి, కింద రాసిన పేరా అంతా చదివి, వెనక్కి అడుగేసి మళ్ళీ బొమ్మ చూసి, అప్పుడు పక్కదానికి కదిలింది. అలా గంట.

మా ఊళ్ళో ఆగస్టు 19న ఫోటోగ్రఫీ దినోత్సవం చేసుకుంటాం. ముఖ్య అతిథి వస్తారు, రిబ్బను కోస్తారు, మాల వేస్తాం, ఆయన మొదటి మూడు ఫ్రేముల ముందు నిలబడి మాతో ఫోటో దిగి వెళ్తారు. నాలుగో ఫ్రేము నుంచి గోడకి మేమూ మా పిల్లలూ తప్ప ఎవరూ ఉండరు. జనానికి ఓపిక లేదని ఇన్నేళ్ళూ తిట్టుకున్నా. కూరగాయలు కొనుక్కునే దారిలో పెట్టి, టికెట్టు లేకుండా తలుపు తీసి చూశామా ఎప్పుడైనా?

ఆకలి గురించి చెప్పాలి. మఠంలోంచి రెండుంపావుకి బయటికొచ్చా. మొదటి హోటల్లో కుర్చీలు బోర్లించేశారు. రెండో చోట నా ముందే బోర్డు తిప్పారు. మూడో చోట వంటాయన ఏప్రాను విప్పుకుంటూ చేత్తో 'అయిపోయింది' అన్నాడు. రెండింటి తర్వాత అన్నం అడిగినవాడు అక్కడ అనుమానాస్పద వ్యక్తి. బెజవాడలో నాలుగింటికి కూడా 'భోజనం ఉందా' అంటే 'సాంబారు అడుగంటింది, పప్పు ఉంది, కూర్చోండి' అంటారే, ఆ మాట విలువ అప్పుడు తెలిసింది. ఆ రోజు ఒక రొట్టె కొని, బెంచీ మీద కూర్చుని, కారప్పొడి అద్దుకు తిన్నా.

మర్నాటి నించి పన్నెండున్నరకే వెళ్ళిపోయేవాణ్ణి. 'బోల్ దె పికొలాట్' అని ఒకటి పెడతారు, కీమా ఉండలు, పచ్చ ఆలివ్‌కాయల పులుసులో, సన్నగా దాల్చినచెక్క వాసన. కాస్త అల్లం వెల్లుల్లి పడుంటే మా అత్తగారి వంటే. పక్కనే ఉన్న కొలియూర్ రేవు నించి ఉప్పులో ఊరేసిన చిన్న చేపలు వస్తాయి. వాటికి పెద్ద పేరు, చిన్న పళ్ళెం, పెద్ద ధర. నోట్లో వేసుకోగానే నాకు బందరు గుర్తొచ్చింది. మన నెత్తళ్ళకి అన్నదమ్ముల బిడ్డలు. తీపికి 'రుస్కీ' అని తెల్లటి ఉంగరాలు అమ్ముతారు. చెగోడీని పొరపాటున పంచదార పాకంలో ముంచి, తర్వాత అదే బాగుందని ఒప్పుకున్నట్టు ఉంటుంది. అర కిలో కొన్నా.

సోమవారం రాత్రి నుంచి శనివారం దాకా తెరబొమ్మలు. పెద్ద చర్చి పక్కన 'కాంపో సాంతో' అని ఒక ఆవరణ, నాలుగు వైపులా రాతి కమానులు, మధ్యలో ఆకాశం. తొమ్మిదిన్నర దాటాక బాగా చీకటి పడుతుంది, ఎత్తయిన తెర మీద ఆ ఏడాది ప్రపంచంలో జరిగినవన్నీ ఒక్కొక్క బొమ్మగా వస్తాయి. వీడియో కాదు, కదలని బొమ్మలు. కుర్చీ దొరకడానికి గంట ముందు క్యూలో నిలబడ్డా. పక్కనున్నాయన్ని ఈ చోటేమిటని అడిగితే, పద్నాలుగో శతాబ్దపు శ్మశానం అన్నాడు. ఆ కమానుల కింద గూళ్ళన్నీ సమాధులట. ఏడాదంతా పోయినవాళ్ళ బొమ్మల్ని ఏడొందల ఏళ్ళ కిందట పోయినవాళ్ళ మధ్య కూర్చుని చూడటం. మన వైపు శ్మశానంలోకి రాత్రిపూట జనాన్ని పిలిస్తే అత్తగారు చెంబుడు నీళ్ళు పట్టుకుని గుమ్మంలో నిలబడుతుంది. ఇక్కడ చిన్నపిల్లల్ని ఎత్తుకొచ్చారు.

ఆ సోమవారం పొద్దున్నే ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు అని వార్త. 2009 అక్టోబరు వరద రికార్డు దాటిపోయింది. ఎగువ నించి పడవలు కొట్టుకొచ్చి గేట్ల దగ్గర గుద్దుకున్నాయి. తెర మీద ఏదో దేశంలో ఎవరో ఒకావిడ పడవలో కూర్చుని, ఒళ్ళో కోడిని పట్టుకుని ఉంది. జనం నిశ్శబ్దంగా చూస్తున్నారు. నాకు ఆ బొమ్మలో వెలుగు, ఫ్రేము ఏవీ కనపడలేదు. ఆవిడ కట్టుకున్న బట్ట తడిగా ఉందా పొడిగా ఉందా అని చూస్తున్నా.

మంగళవారం నా వంతు. ఊళ్ళోని సమావేశాల భవనంలో పత్రికల బొమ్మల సంపాదకులు బల్లలేసుకుని కూర్చుంటారు, ఫోటోగ్రాఫర్లు ముందే సమయం తీసుకుని తమ పని చూపించుకుంటారు. భవనం పేరు 'పాలే దె కోంగ్రె', మన కాంగ్రెస్ కాదు లెండి. చేతిలో ప్రింట్లు, నోట్లో తడి లేదు. పదో తరగతి హాల్‌టికెట్టు పట్టుకుని నిలబడ్డ రోజు తర్వాత ఇంత భయం వెయ్యలేదు. నా బల్ల దగ్గరున్నావిడ నలభై ప్రింట్లూ చూసింది. తొందరగా చూసింది గాని నిజంగానే చూసింది, మూడింటిని పక్కకి తీసింది. అందులో ఒకటి సింగ్‌నగర్‌లో బుడమేరు గట్టు మీద బట్టలు ఆరేస్తున్న ఆడవాళ్ళు.

"ఇది ఏ ఊరు?"

చెప్పాను. ఆవిడ ఫోను తీసి ఏదో వెతికి, నాకేసి తిప్పింది. తెర మీద మా ఊరు. హెలికాప్టర్ నుంచి తీసిన బొమ్మ, నీళ్ళలో మేడల కప్పులు.

"ఇదేనా?"

"అవును."

"మరి మీరు ఇక్కడ ఏం చేస్తున్నారు?"

ఆవిడ వెటకారంగా అడగలేదు. అందుకే ఎక్కువ తగిలింది. ముహూర్తాలు లేవని వచ్చానని ఫ్రాన్సులో ఎలా చెప్పను? ఆరేళ్ళు ఆ గట్టు మీద తిరిగాను. ఆ గట్టు తెగిన రోజున ఇక్కడికొచ్చి, గట్టు ఫోటోలు బల్ల మీద పరుచుకుని, బాగున్నాయా అని అడుగుతున్నాను. మూడు ప్రింట్లు బాగున్నాయంది. నీళ్ళు తీశాక జనం ఇళ్ళకి తిరిగెళ్ళడం తీస్తే చూపించమంది. కార్డు ఇచ్చింది.

ఆ రాత్రి 'కాఫే ద లా పోస్త్'లో కూర్చున్నా. కాస్టియే పక్కనే, ఆ వారమంతా ఫోటోగ్రాఫర్లు అక్కడే పోగవుతారు, కుర్చీలు రోడ్డు మీదికి పారతాయి. మెడలో పాసు వేలాడుతుంటే చాలు, ఎవరైనా పలకరిస్తారు. ఒక ఇటలీ ఆయన జతపడ్డాడు. ఇండియా అనగానే దానిష్ సిద్దిఖీ పేరెత్తాడు. 2021లో ఢిల్లీ శ్మశానాల్లో కోవిడ్ చితుల బొమ్మలు తీసి, ఆ జులైలోనే అఫ్ఘానిస్తాన్‌లో స్పిన్ బోల్దక్ దగ్గర ప్రాణం పోగొట్టుకున్న మనిషి. ఇద్దరం కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత నీకు ఇల్లెలా గడుస్తుందని అడిగా. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, పెళ్ళిళ్ళు అన్నాడు. నేను లేచి కౌగిలించుకున్నా! ఆ తర్వాత గంటసేపు యుద్ధాల ఊసు లేదు. అక్కడా పెళ్ళికూతురు తల్లి ఫ్రేముకి అడ్డం వస్తుందట. అక్కడా డ్రోన్ అడుగుతారట. బొమ్మలు ఎప్పుడిస్తారని వారం తిరక్కుండా ఫోన్లు, డబ్బు మాత్రం ఆర్నెల్లకి. మండపం ముందు మేం నలుగురం వరసగా నిలబడితే వెనక చుట్టాలకి వధూవరుల బదులు మా వీపులే కనపడతాయని చెబితే కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాడు.

మా బల్ల దగ్గర కూర్చున్న కాటలన్ పెద్దమనిషి ఒకాయన అప్పుడు అగుస్తీ సెంటెయెస్ కథ చెప్పాడు. బార్సిలోనా వార్తాఫోటోగ్రాఫరు. 1939లో స్పెయిన్ అంతర్యుద్ధం చివర్లో ఫ్రాంకో సైన్యం వస్తుంటే బట్టలు వదిలేసి, సూట్‌కేసులో వేల నెగెటివ్‌లు పెట్టుకుని కొండ దాటి ఫ్రాన్సుకొచ్చాడు. శరణార్థి శిబిరాల్లో ఆ పెట్టెని తల కింద పెట్టుకున్నాడు. 1944లో తిరిగి స్పెయిన్ వెళ్ళేటప్పుడు, అవి దొరికితే అందులో మొహాలున్న వాళ్ళందరి ప్రాణాలకీ ముప్పని, కార్కసోన్‌లో తనకి గది ఇచ్చినవాళ్ళ ఇంట్లోనే దాచేసి వెళ్ళాడు. ఫ్రాంకో పోయాక 1976లో వచ్చి చూస్తే పెట్టె అలాగే ఉంది. ముప్పై రెండేళ్ళు. ఆ ఇంటివాళ్ళు దాన్ని ముట్టుకోలేదు.

పెట్టె అనగానే నా చేతిలో గ్లాసు ఆగిపోయింది.

నాకు పని నేర్పినాయన్ని మాస్టారు అనేవాణ్ణి. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చాక, బస్సు పోయినంత దూరం బస్సులో, ఆ తర్వాత సైకిలు మీద, సైకిలు కదలని చోట బురదలో నడిచి వెళ్ళి, యాషికా కెమెరాతో ఎనిమిది రోల్స్ తీశారాయన. రోలుకి పన్నెండు చొప్పున తొంభై ఆరు బొమ్మలు. నాలుగైదు అచ్చయ్యాయి. మిగతావి ఎవరికీ చూపించలేదు, ఆ మాటెత్తితే లేచి వెళ్ళిపోయేవారు. పోయే ముందు ఆ నెగెటివ్‌లు నా చేతిలో పెట్టారు. స్కాన్ చేయిస్తాను, చేయిస్తాను అంటూ ఆరేళ్ళు గడిపాను. స్టూడియోలో చెద పట్టిందని రెండేళ్ళ కిందట ఒక రేకు ట్రంకులో పెట్టి అక్క వాళ్ళ ఇంట్లో ఉంచాను. కింది వాటాలో, మంచం కింద.

రాత్రి పన్నెండున్నర. మనకి తెల్లవారి నాలుగు. ఆగలేక ఫోను చేశాను. మేనల్లుడు ఎత్తాడు.

"మావయ్యా, మీ పెట్టె నీళ్ళలోనే ఉంది. నేను దిగి తీసుకురానా?"

వద్దన్నాను. వద్దనే ముందు ఒక్క క్షణం ఆగాను. ఆ క్షణం వాడికి తెలుసు, నాకూ తెలుసు.

బుధవారం నేను బొమ్మలు చూళ్ళేదు. బస్సెక్కి ఆర్జెలెస్ సముద్రం ఒడ్డుకి పోయాను. 1939 జనవరి, ఫిబ్రవరిలో స్పెయిన్ నుంచి దాదాపు ఐదు లక్షలమంది కొండలు దాటి ఈ వైపుకొచ్చారు. వాళ్ళలో దాదాపు లక్షమందిని ఈ ఇసుకలో ఉంచారు. మూడు వైపులా ముళ్ళతీగ, నాలుగో వైపు సముద్రం. మొదట్లో గుడిసె కూడా లేదు, ఇసుకలో గుంట తవ్వుకుని పడుకున్నారు, చలికాలంలో. మార్చిలో యుద్ధ ఫోటోగ్రాఫర్ రాబర్ట్ కాపా వచ్చి వాళ్ళ బొమ్మలు తీశాడు. సెంటెయెస్ ఆ ఇసుకలోనే కొన్నాళ్ళున్నాడు.

ఇప్పుడక్కడ ఐస్‌క్రీం బళ్ళు, రంగుల గొడుగులు. రోడ్డు పొడుగూతా 'క్యాంపింగ్, క్యాంపింగ్' అని బాణం గుర్తులు, సెలవులకి వచ్చి గుడారాల్లో ఉండేవాళ్ళ కోసం. ఉత్తరం వైపు నడిస్తే ఒక రాయి, దాని మీద నాలుగు మాటలు. ఒక చిన్నపిల్ల ఆ రాయి పక్కన ఇసుకతో ఇల్లు కడుతోంది. నేను కెమెరా ఎత్తి, మళ్ళీ దించేశాను. ఎంత తేలిక బొమ్మ! చూసిన ఎవడైనా తీస్తాడది. ఉత్తరపు గాలి తొందరగా లేచింది, ట్రామొంతాన్ అంటారు దాన్ని, పిచ్చెక్కించే గాలి అని ఇంటావిడ ముందే హెచ్చరించింది. కళ్ళ నిండా ఇసుకతో తిరిగొచ్చా.

ఆవిడ గుమ్మంలోనే ఉంది. టీవీలో మా ఊరు చూసిందట, చిన్న ముక్క. వేలితో నన్నూ తెరనీ చూపించి, ఆ పైన స్నానాలగది బకెట్టు చూపించి, ఆకాశం వైపు చేతులు తిప్పేసింది. అక్కడి నీళ్ళు కొంచెం ఇక్కడ పొయ్యకూడదా అని. ఆ రోజు ఆవిడతో పాటు అంజూరచెట్టుకి నేనే నీళ్ళు పోశా.

గురువారానికి అక్క వాళ్ళింట్లో నీళ్ళు మోకాలి దాకా తగ్గాయి. డ్రోన్లు వచ్చి ఆహారం పొట్లాలు వదులుతున్నాయని చెప్పింది. "నీ పెళ్ళిళ్ళ డ్రోను లాంటిదేరా, కాస్త పెద్దది. మండపం మీద తిరిగినట్టే తిరిగి పులిహోర పడేసి పోయింది." మేనల్లుడు ట్రంకు బయటికి తీశాడు. లోపల బురదనీళ్ళు. తెరవగానే ఎండలో పెడదామనుకున్నాడట. గట్టిగా అరిచాను. మీకూ ఎప్పుడైనా పనికొస్తుంది, వినండి. తడిసిన నెగెటివ్‌లని ఎండనివ్వకూడదు. ఎండితే ఒకదానికొకటి అతుక్కుపోయి, విడదీస్తే పైపొర ఊడొస్తుంది. బొమ్మ ఉండేది ఆ పొరలోనే. చల్లటి శుభ్రమైన నీళ్ళలో వేసి ఉంచి, మెల్లగా ఒక్కొక్కటీ విడదీసి, నీడలో క్లిప్పులతో వేలాడదియ్యాలి. ఇదంతా గుక్క తిప్పుకోకుండా చెప్పాను.

వాడు విని, "మావయ్యా, తాగడానికే నీళ్ళు లేవు. నీ ఫిల్ముకి ఎక్కణ్ణించి తెమ్మంటావు?" అన్నాడు.

ఇటు నా నోట మాట లేదు. వెనక అక్క ఏదో అడుగుతోంది, వాడు చెబుతున్నాడు. కాసేపటికి ఫోను అక్క తీసుకుంది.

"మాస్టారివా?"

"ఆఁ."

"నా పెళ్ళికి ఆయన పైసా పుచ్చుకోలేదు. ఇవాళ టాంకరు దగ్గర రెండు టిన్నులు దొరికాయి. ఒకటి దీనికి వాడతాం. ఎలా చెయ్యాలో మళ్ళీ చెప్పు, మెల్లగా."

అక్క పెళ్ళి ఆల్బం కూడా ఆ మంచం పక్క బీరువాలోనే ఉంది. దాని సంగతి తనూ ఎత్తలేదు, నేనూ అడగలేదు.

శనివారం వినాయక చవితి. పెరట్లో మట్టి తడిపి బొటనవేలంత వినాయకుణ్ణి చేశాను. అంజూరాకు, రోజ్‌మేరీ కొమ్మ పత్రి. ఉండ్రాళ్ళ బదులు రుస్కీలు. ఇంటావిడ చేతులు కట్టుకుని చివరిదాకా నిలబడి, ఏనుగు మొహం వైపు వేలు చూపించి "డాలీ?" అంది. అవునన్నాను.

ఆ రాత్రి కాంపో సాంతోలో వార్తల విభాగంలో పెద్ద బహుమతి గాజాకి చెందిన మహమూద్ హమ్స్‌కి ప్రకటించారు. వార్తాసంస్థ ఎఎఫ్‌పీకి పనిచేస్తాడు. తన ఊరు కూలిపోతుంటే, తనవాళ్ళ కోసం వెతుక్కునే వీధుల్లోనే తీసిన బొమ్మలవి. జనం లేచి నిలబడి చాలాసేపు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. సంపాదకురాలి ప్రశ్న చెవిలో ఉంది. కానీ సింగ్‌నగర్‌లో ఉండుంటే ఏం చేసేవాణ్ణి? బొమ్మ తీసేవాణ్ణా, అక్క మంచం ఎత్తేవాణ్ణా? రెండు చేతులే కదా. మొదట మంచమే ఎత్తేవాణ్ణి. బహుమతులు రాని రకం నేను.

తిరిగొచ్చాక ఆ సంపాదకురాలు చెప్పిన బొమ్మలు తీశాను. అయితే ఆ తర్వాతి మూణ్ణెల్లూ ఎక్కువ చేసిన పని వేరు. సింగ్‌నగర్, పాయకాపురం, నున్న వైపు నించి జనం ప్లాస్టిక్ సంచుల్లో తడిసిన ఆల్బమ్‌లు పట్టుకుని స్టూడియోకి వచ్చేవారు. ఒక ముసలాయన పోయిన భార్య ఫోటో ఒక్కటే, గాజుకి అతుక్కుపోయినది, తువ్వాల్లో చుట్టి తెచ్చాడు. గాజుతో సహా స్కాన్ చేసి ఇచ్చాను. అక్క పెళ్ళి ఆల్బమ్‌లో పదకొండు ఫోటోలు దక్కాయి. అన్నిట్లోనూ మా బావ మొహం సగం పోయింది. ఆయన దానికి కూడా నవ్వాడు.

మాస్టారి తొంభై ఆరు నెగెటివ్‌లలో నలభై ఒకటి దక్కాయి, ఒక టిన్ను నీళ్ళ పుణ్యమా అని. అన్నీ స్కాన్ చేశాను. ఇంకా ఎవరికీ చూపించలేదు.

పెర్పిన్యా పండగ ఏటా ఆగస్టు ఆఖర్లోనో సెప్టెంబరు మొదట్లోనో మొదలవుతుంది. ప్రదర్శనలకి టికెట్టు లేదు. వీసాకి మాత్రం మూణ్ణెల్ల ముందు నించే తిరగండి, భోజనానికి పన్నెండున్నరకే వెళ్ళండి, షవరు కింద బకెట్టు పెట్టండి. బయల్దేరే ముందు ఇంట్లో పాత ఫోటోలూ నెగెటివ్‌లూ ఎక్కడున్నాయో చూసి, మంచం కింద ఉంటే మేడ మీదికి ఎక్కించి వెళ్ళండి.